నాలుగో బోరు తాళం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి మా ఇంట్లోవాళ్లకంటే నాచారంలో ఒక బర్రెలామెకు బాగా తెలుసు.

తెలంగాణ రాకముందు మాట. నాచారంలో పాత ఇంధన డిపో ఒకటి మూతపడింది. భూమిలో పాతిన పెట్రోలు, డీజిలు ట్యాంకులు తవ్వి తీసేశారు గానీ, కారినదంతా అప్పటికే నేలలోకి దిగిపోయింది. నీళ్లు ఎప్పటికి బాగుపడతాయో చూడటానికి ఆవరణలో నాలుగు సన్న బోర్లు వేసి, ఇనుప మూతలు పెట్టి, తాళాలు వేశారు. మూడు నెలలకోసారి లాలాపేట నుంచి స్కూటీ మీద వెళ్లి, పొడుగాటి గొట్టం తాడుతో దించి నీళ్లు తోడి, సీసాలకెత్తి ల్యాబుకు చేర్చడం నా ఉద్యోగం.

నాలుగో బోరు పొట్టి ప్రహరీ పక్కనే ఉండేది. అవతల బర్రెలామె కొట్టం. రెండు బర్రెలు, ఒక బోరు. ఆ బోరుకు అధికారులు సీలు వేశారు. మా నాలుగో బోరు నీళ్లు వరసగా రెండుసార్లు శుభ్రంగా వస్తేనే తీస్తామన్నారు. అప్పటిదాకా ఆమె వీధి నల్లా దగ్గర క్యాన్లు నింపి మోసేది. బర్రెలు తాగే నీళ్లు మోయడమంటే మాటలా! "ఎండకాలం లోపట బోరు తియ్యకుంటే బర్రెల అమ్ముడే బిడ్డా," అనేది నన్ను చూసినప్పుడల్లా.

మొదటిసారి శుభ్రంగానే వచ్చాయి. కానీ ఆ రోజు తుప్పుపట్టిన తాళం నన్ను ముప్పుతిప్పలు పెట్టింది. రాయితో కొట్టాను, తిట్టిపోశాను. గోడ మీంచి తొంగి చూస్తున్న ఆమె మీద కూడా అరిచాను: "ఈ తాళం రాకపోతే నీళ్లు లేవు, నీళ్లు లేకపోతే రిపోర్టు లేదు!" పాపం, ఆమె చేసిందేమిటి? చివరికి ఎలాగో వచ్చింది.

రెండోసారి తాళం చెవి పెట్టగానే ఊడొచ్చింది. అబ్బ, ఎంత హాయి అనుకున్నాను. జలుబుతో ముక్కు మూసుకుపోయి ఏ వాసనా తెలియలేదు. వారం తర్వాత రిపోర్టు వచ్చింది: నాలుగో బోరులో నూనె.

వెళ్లి ఆ సంగతి ఆమెకు చెప్పాను. ఆమె బర్రె మెడ నిమిరింది. ఆదివారం అన్నోజిగూడ నుంచి బర్రెలు కొనే బేరగాడు వస్తున్నాడని చెప్పింది.

ఆ రాత్రి రిపోర్టు మళ్లీ చదివాను. ట్యాంకులకు దగ్గరున్న మూడు బోర్లూ శుభ్రం, దూరంగా ఉన్న నాలుగోదే పాడు. పైగా అందులో ఉన్నది కిరసనాయిలు. ఆ డిపోలో కిరసనాయిలు ఏనాడూ లేదు! శనివారం పొద్దున్నే వెళ్లి తాళం వాసన చూశాను. గుప్పుమంది.

"ఎవరు పోశారిది?"

"నేనే మేడం!" గోడ మీంచి సంబరంగా జవాబు. "తాళం రాలేదని గంత గరమైతివి గదా. నువ్వు రాకముందే గోడ మీదికెళ్లి వంగి, స్టవ్వుల గాసునూనె అంతా పోసిన. ఎట్లొచ్చింది సూడు!"

ఓరి దేవుడా! తాళం మీద పోసిందంతా మూత సందులోంచి బోరు గొట్టంలోకి కారిందని చెప్పేసరికి ఆమె నెత్తి కొట్టుకుంది. "నా బర్రెల నోట్ల నేనే మన్ను గొడ్తినా!"

నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అన్నారా? ఆ నూనె పోయించింది నా నోరే. అంత మొండి తాళం అంత సులువుగా ఎందుకొచ్చిందో అడగాల్సింది కూడా నేనే.

"బేరగాణ్ణి రావద్దనమ్మా," అన్నాను.

జరిగింది జరిగినట్టు ఆఫీసులో రాసిచ్చి, చీవాట్లు తిన్నాను. జన్మలో మొదటిసారి ఎదురు చెప్పలేదు. బోరు గొట్టం కడిగించి, రోజుల తరబడి నీళ్లు డ్రమ్ముల్లోకి తోడించి, మళ్లీ పరీక్ష చేయించాం. పనిలో పనిగా ఆమె బోరు నీళ్లూ పంపాం. రెండూ శుభ్రం.

సీలు తీసిన రోజు రిపోర్టు చదివి వినిపించాను. ఆమె తలూపి, మోటారు వేసి, చెంబు నింపి నా చేతిలో పెట్టింది. "ముందుగాల నువ్వు తాగు బిడ్డా. నీకేం గాకుంటే బర్రెలకు పెడ్త."

నా పక్కన స్కూటీకి ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ల సీసా వేలాడుతోంది. ఇన్నాళ్లలో ఆ వాడలో నేను గుక్కెడు నీళ్లు ముట్టలేదు. బర్రెలు రెండూ, ఆమె, నా వంకే చూస్తున్నారు. ఎత్తి గటగటా తాగేశాను. కాస్త ఉప్పగా, చల్లగా ఉన్నాయి.

"ఇంకో చెంబు ఇవ్వమ్మా," అన్నాను. అప్పుడు గానీ ఆమె తొట్టిలోకి నీళ్లు వదల్లేదు.