వార్చిన అన్నం

సర్జన్‌గా రిటైరై అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉంటున్న జ్ఞానప్రసూనగారికి గంజి వార్చిన అన్నమే అన్నం. వంటింటి సింకు చుట్టూ నీళ్లు దిగకుండా పూసిన సీలెంట్ నల్లబడి ఊడిపోతుంటే ఆవిడే బ్లేడుతో గీకేసి, కొత్తది సన్నగా పిండి, తడివేలితో నునుపు చేశారు. "కుట్లు పచ్చిగా ఉన్నాయి, రేపటిదాకా నీళ్లు తగలనివ్వకండి," అని భర్త భీమశంకరంగారికి చెప్పారు. మధ్యాహ్నం అన్నం ఉడకగానే, అలవాటు చొప్పున గిన్నెను సింకు అంచుకి ఆనించి తనే గంజి వార్చారు. సీలెంట్ కాస్తా లేచొచ్చింది.

"ప్లంబర్‌కి కాల్ చెయ్యనా?" అన్నారాయన.

"నా పేషెంటుని ఇంకొకరికి అప్పజెప్పను," అని ఆవిడ మళ్లీ మొదటినుంచీ గీకి, తుడిచి, పూశారు.

"పోనీ, రాత్రికి అత్తెసరు పెట్టెయ్యరాదూ? వార్చే పనుండదు."

సాయంత్రం ఆవిడ స్నో బూట్లు తొడుక్కుని, పొగలు కక్కుతున్న గిన్నె పట్టుకుని పెరట్లోకి వెళ్లి, మంచులో గంజి వార్చుకొచ్చారు.