అమ్మ కొసరు, నా ఇంగ్లీషు సారీ

మా చిన్నప్పుడు దోహాలో, అల్ మన్సూరాలో మేముండే సందు చివరి కూరగాయల మార్కెట్టు చుట్టూ రేకులు కట్టి, నెలల తరబడి ఏదో చేసి, ఒక శుక్రవారం సాయంత్రం కొత్తగా తెరిచారు... అమ్మ పెళ్ళిళ్ళకి కట్టే చీర కట్టుకుని మరీ బయల్దేరింది.

లోపల అడుగు పెట్టగానే ఏసీ చలి. బురద లేదు, ఈగల్లేవు, అరుపుల్లేవు. టొమాటోలు ప్రార్థనకి నిలబడ్డ బడిపిల్లల్లా వరసలు కట్టి ఉన్నాయి.

అమ్మ అటూ ఇటూ చూసి, "ఇది మార్కెట్టా, ఆస్పత్రా?" అంది.

మేం వెతుకుతున్నది రఫీక్ భాయ్‌ని. బంగ్లాదేశ్ మనిషి. పాత మార్కెట్లో గోనెపట్టా పరుచుకుని తక్కెడతో తూచేవాడు. తూచాక గుప్పెడు పచ్చిమిరపకాయలు, ఒక రెబ్బ కరివేపాకు మా సంచిలో పడేసేవాడు... కొసరు. అమ్మ నోరు తెరిచి అడిగేది కాదు. ఆయన మర్చిపోతే అక్కణ్ణించి కదిలేది కాదు, అంతే.

ఇప్పుడాయన ఆకుపచ్చ టోపీ పెట్టుకుని కరెంటు తూకం మిషన్ వెనక నిలబడి ఉన్నాడు. అమ్మ బెండకాయల కవరు మిషన్ మీద పెట్టింది. మిషన్ చీటీ కక్కింది. ఆయన దాన్ని కవరుకి అంటించి ఇచ్చాడు.

అమ్మ కదల్లేదు.

రఫీక్ భాయ్ కళ్ళతోనే బిల్లు కౌంటర్ దగ్గరున్న సూపర్‌వైజర్‌ని చూపించాడు. 'ఆయన చూస్తున్నాడు, ఇక కొసరు కుదరదు' అని ఆయన భావం. 'నా చేతులు ఖాళీ లేవు, నువ్వే తీసుకో అంటున్నాడు' అని అమ్మ అర్థం చేసుకుంది... కవరు ముడి విప్పి, గుప్పెడు మిరపకాయలు, రెండు రెబ్బల కరివేపాకు వేసుకుని, మళ్ళీ ముడి వేసింది.

బిల్లు దగ్గర దొరికిపోయాం.

సూపర్‌వైజర్ మలయాళీ. మర్యాదస్తుడే. కవరు పైకెత్తి చూపిస్తూ, "మేడమ్, చీటీ మీద బెండకాయలని ఉంది. ఈ మిరపకాయలు ఎక్కడివి?" అని ఇంగ్లీషులో అడిగాడు.

అమ్మకి ఇంగ్లీషు రాదు. కాస్త హిందీ వచ్చు గానీ, కోపం వస్తే తెలుగు తప్ప ఇంకేదీ ఉండదు. నాకప్పుడు తొమ్మిదో పదో... ఇంగ్లీషులో క్లాస్ ఫస్టు. అమ్మకి నేనే దుబాసీని.

"కొసరని చెప్పవే ఆయనకి. కొసరు లేకుండా కూరగాయలెవరైనా అమ్ముతారా? కావాలంటే అదుగో, ఆ రఫీక్ భాయ్‌నే అడగమను. ఆరేళ్ళ నించీ ప్రతివారం ఆయన చేత్తో ఆయనే వేస్తున్నాడు. ఒక్క అక్షరం మింగావంటే ఊరుకోను."

నేను రఫీక్ భాయ్ వైపు చూశాను. తన పేరు వినపడి తలెత్తాడు. ఆ మొహం ఇప్పటికీ గుర్తే...

ఆ మధ్యాహ్నమే నాన్న అన్నం తింటూ ఒక మాట అన్నారు. ఇలాగే అంతకుముందు తెరిచిన ఇంకో మార్కెట్లో చేపలమ్మే అతను తూకం కంటే ఎక్కువేసిచ్చాడని వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపించేశారట. ఆ మాటప్పుడు అమ్మ వంటింట్లో మిక్సీ వేస్తోంది. విన్నది నేనొక్కదాన్నే.

సూపర్‌వైజర్ నావైపు వంగాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"సారీ అంకుల్. అమ్మ తూకం వేయించడం మర్చిపోయింది. ఆవిడకి మతిమరుపు."

ఆయన అమ్మని చూశాడు, నన్ను చూశాడు. "ఆవిడ అంతసేపు మాట్లాడింది ఇంతేనా?"

"తెలుగులో సారీ చెప్పాలంటే చాలాసేపు పడుతుందంకుల్."

ఆయనకేం అర్థమైందో తెలీదు. మిరపకాయలు వేరే కవర్లో పోయించి, తూకం వేయించి, పంపించేశాడు.

బయటికొచ్చాక అమ్మ నా జబ్బ పట్టుకుంది. "సారీ అన్నావు. నాకా మాత్రం తెలుసు. నేను సారీ చెప్పమన్నానా?"

అంతా చెప్పేశాను... చేపలాయన సంగతి, మతిమరుపు సంగతి.

అమ్మ సంచి చెయ్యి మార్చుకుని నడక మొదలుపెట్టింది. "ముందే చెప్పొచ్చుగా" అంది.

"నువ్వు మిక్సీ వేస్తున్నావుగా."

ఇంకో నాలుగడుగులు వేశాక ఆగిపోయింది. "రఫీక్ భాయ్ పేరు ఎత్తకపోవడం మంచి పనే. కానీ మతిమరుపేంటే? మీ నాన్న తాళాలు రోజూ ఎవరు వెతికిపెడుతున్నారు?"

అసలు కథ ఆ తర్వాతే. ఆ సూపర్‌వైజర్ చాలా జాలిగుండె మనిషి. ప్రతి శుక్రవారం అమ్మని చూడగానే ఎదురొచ్చేవాడు. చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు ఒక్కో మాటా విడదీసి, "మేడమ్... అన్నీ... తూకం వేయించారా? గుర్తుందా?" అని హిందీలో అడిగేవాడు. ఒకసారైతే, ఏం కొనాలో కాగితం మీద రాసుకు రమ్మని సలహా కూడా ఇచ్చాడు. రఫీక్ భాయ్ టోపీ కిందికి లాక్కుని మిషన్‌నే చూస్తూ నిలబడేవాడు. భుజాలు మాత్రం కదిలేవి.

'నాకు మతిమరుపు లేదు' అని చెప్పేంత హిందీ అమ్మకి వచ్చు. అయినా ఒక్కసారీ చెప్పలేదు... తలూపేది. మేం దోహా వదిలి వచ్చేసేదాకా, నాలుగేళ్ళు.

నేను చేసింది ఒప్పేనా అని ఇప్పటికీ అనుమానమే. రఫీక్ భాయ్‌ని కాపాడానని కొన్నాళ్ళు గొప్పగా చెప్పుకున్నాను. ఇప్పుడు నేనూ అప్పటి అమ్మ వయసు దాటాక, అలా అనిపించడం లేదు. నేనాడింది ఒక్క అబద్ధం... దాన్ని నాలుగేళ్ళు మోసింది అమ్మ.

ఇప్పుడు సూపర్ మార్కెట్లో నా సామాను నేనే స్కాన్ చేసుకుంటున్నాను. తూకంలో తేడా వస్తే ఎర్రలైటు వెలుగుతుంది. ఎవరి కోసమైనా తలొంచుకుందామన్నా అవతల మనిషి ఉండడు...

అమ్మ చెప్పిందొకటి, మీరు అప్పజెప్పిందొకటి అయిన రోజులు మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటాయి. ఈ తప్పు నా ఒక్కదాని నెత్తినే వదిలేయకుండా, మీవీ ఒప్పుకోండి మరి...