నీలం స్వెట్టరుకు శోకం

శవం లేని ఇంట్లో శోకాలు పెట్టకూడదు. గ్రీసు దక్షిణపు కొసన మాని కొండల్లో పుట్టిన ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుంది. ఉత్తినే పెట్టావా, చావును చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చుకున్నట్టే. ఈ సంగతి థెక్లాకు తెలియక కాదు, పుస్తకాల్లో బోలెడంత చదువుకుంది. చదువుకుని కూడా, శోకాలు పాడించుకుంటానని రికార్డరు సంచిలో వేసుకుని ఏడాది ఉండటానికి వచ్చింది. ఇక ఊరి ఆడవాళ్ళు నవ్వకుండా ఉంటారా?

థెక్లా పిరేయస్ రేవు పిల్ల. నీకియా పేటలో ఒక ఇస్త్రీ కొట్టు పైగదిలో పెరిగింది. కొట్టు కల్లిరోయిది. కల్లిరోయి ఆమెకు జ్ఞానతల్లి. బాప్తిస్మం నాడు ఒంటినిండా నూనె రాసి, పేరు పెట్టి, గుడిలో ఎత్తుకున్న మనిషి. అలాంటి తల్లిని అక్కడ నునా అని పిలుస్తారు. మామూలుగా నునా అంటే ఈస్టరుకు కొత్త చెప్పులు, కొవ్వొత్తి తెచ్చిపెట్టి వెళ్ళిపోయే మనిషి. థెక్లా కన్నతల్లి మాత్రం ఓడలో వంటపనికి వెళ్ళి, ఎక్కడో ఇంకో రేవులో ఇంకో సంసారం పెట్టుకుంది. దాంతో నునాయే తల్లయింది. తిండి పెట్టింది, జడ వేసింది, బడికి తోలింది. పోయినదాన్ని ఒక్కనాడూ పల్లెత్తు మాట అనలేదు. "దాన్ని సముద్రం పిలిచింది, పోయింది. నన్ను ఈ ఆవిరి పిలిచింది, పడి ఉన్నాను" అనేది, అంతే.

థెక్లా చదువు బాగానే సాగింది. సాగాక ఏం చెయ్యాలన్నదే చిక్కు. ప్రాచీన గ్రీకుల మీద పరిశోధన చేస్తానంటే నాలుగు దిక్కులనుంచీ పిలిచి పీట వేస్తారు. నిన్నమొన్నటి గ్రీకుల మీద, వాళ్ళ పాటల మీద, వాళ్ళ ఏడుపుల మీద చేస్తానంటే ముక్కు చిట్లిస్తారు. చచ్చి రెండువేల ఏళ్ళయినవాడికున్న విలువ పోయినేడు చచ్చినవాడికి లేదు, ఏం లోకమో. ఆధునిక గ్రీకు చదువుల కోసం ఏథెన్స్‌లో ఒక సంస్థ ఏటా ఫెలోషిప్పులు ఇస్తుంది. దానికి పెట్టుకుంది, రాలేదు. మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ రాలేదు. ట్యూషన్ సెంటర్లో పిల్లలకు వ్యాకరణం రుద్దుతూ ఉండగానే చెంపలు నెరిశాయి.

"ఇంకోసారి అడుగు" అంది నునా.

"సిగ్గేస్తోంది నునా."

"సిగ్గెందుకే? ముడత ఒక్క రుద్దుకే పోతుందా? నీళ్ళు చల్లి మళ్ళీ రుద్దాలి."

ఆ మూడోసారి వచ్చింది. ఆరోజు నునా ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టేసి, కొట్టుకొచ్చిన ప్రతి మనిషి నోట్లో మిఠాయి పెట్టింది. "మా పిల్లకు ఏడుపులు వినే ఉద్యోగం ఇచ్చారు" అని వీధంతా చెప్పుకుంది. కొండమీద చలి ఎక్కువని ముదురు నీలం ఉన్నితో స్వెట్టరు అల్లింది. చేతులు కాస్త పొడుగొచ్చాయి. పిల్ల ఇంకా ఎదుగుతుందనుకుందో ఏమో మరి.

ఫెలోషిప్పుకు ఒకటే నియమం. ఏడాది తిరిగేసరికి బతికున్న గొంతులో, సమయానికి తగ్గట్టు పుట్టిన శోకం ఒకటైనా రికార్డు చేసి తేవాలి. అది లేకపోతే పరిశోధన నిలవదు. ఇంకోసారి అడగడానికి వయసు కూడా దాటిపోయింది. అంటే మళ్ళీ ట్యూషన్ సెంటరే, మళ్ళీ వ్యాకరణమే.

మాని కొండమీది ఊళ్ళో గరుఫలియా అనే ఆవిడ ఇంట్లో గది తీసుకుంది. నాలుగిళ్ళ అవతల లిగేరి ఉంటుంది. ఆ కొండ మొత్తం మీద శోకం కట్టడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. మనిషి పిడికెడు, నోరు బండెడు. థెక్లా మొదటిరోజే వెళ్ళి ఎదురుగా కూర్చుంది.

"ఒక్క పాట పాడండి అవ్వా."

"ఎవరి మీద పాడను? నీ మీదా?"

"పాతది ఏదైనా సరే."

"పాతది ఎందుకు పాడతారమ్మా, ఆ చచ్చినవాడు మళ్ళీ చస్తాడా? శవాన్ని పట్టుకురా, గొంతు చించుకుంటాను. అంతదాకా కాఫీ తాగు."

గరుఫలియా పక్కనుంచి అందుకుంది. "ఏడుపు వినడానికి ఏథెన్స్‌నుంచి రావాలా పిల్లా? మా ఇంట్లో గోడకు చెవి పెట్టు, మా ఆయనతో నా కాపురం రోజంతా వినపడుతుంది."

తర్వాత జరిగింది చెబితే నమ్మరు. ఆ ఏడు ఊళ్ళో ఒక్క మనిషీ పోలేదు. కర్రపట్టుకుని నడిచే ముసలాళ్ళు అంతమంది ఉన్నారా, ఒక్కరూ మంచం ఎక్కలేదు. ఎవరైనా దగ్గితే థెక్లా తల తిప్పి చూసేది, చూసినందుకు తనని తానే తిట్టుకునేది. కాఫీ కొట్టు ముందు కూర్చునే పాండెలిస్ తాత ఆమె కనపడగానే గుండె మీద చెయ్యి వేసుకునేవాడు. "నా వంక అట్లా చూడకమ్మా, ద్రాక్షలు కోయించాలి, ఇంకా పనులున్నాయి" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. థెక్లా కూడా నవ్వేది. ఇంటికి వెళ్ళి ఖాళీ రికార్డరు చూసుకుంటే మాత్రం నవ్వు వచ్చేది కాదు.

పాటలు రాకపోయినా మనుషులు వచ్చారు. గరుఫలియా రొట్టె కాలుస్తూ పిండి ముద్ద ఆమెకూ ఇచ్చేది. లిగేరి రోజూ తిడుతూనే అత్తిపళ్ళు ఎండబెట్టి దాచి పెట్టేది. శోకాల సంగతి వదిలేసి థెక్లా వాళ్ళతో కూర్చుని నునా కబుర్లు చెప్పేది. వాళ్ళు వినేవాళ్ళు.

ఆలివ్‌లు నల్లబడే రోజుల్లో పిరేయస్‌నుంచి కబురొచ్చింది. నునా కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది.

థెక్లా వెళ్ళింది. పట్నం చావు పట్నం చావులాగే జరిగింది. ఫాదరు గబగబా చదివాడు, పెట్టె దించారు, పక్క హాల్లో కాఫీ ఇచ్చారు, బ్రాందీ ఇచ్చారు. ఎవరో ట్రాఫిక్ గురించి మాట్లాడుకుంటున్నారు. తర్వాతి కుటుంబం బయట వేచి ఉంది. థెక్లాకు ఒక్క చుక్క కన్నీరు రాలేదు. ఏడాది పొడుగునా ఏడుపుకోసం తిరిగినదానికి సొంత ఏడుపు దొరకలేదు. కొట్టుకు తాళం వేసి, నల్లబట్టలమీద ఆ నీలం స్వెట్టరే తొడుక్కుని, బస్సెక్కి కొండకు తిరిగొచ్చింది. ఇంకెక్కడికి పోతుంది పాపం?

ఆ సాయంత్రమే లిగేరి వచ్చింది. వెనకాల గరుఫలియా, ఆవిడ చెల్లెలు పాగోనా, ఇంకా ఇద్దరు ముగ్గురు. అందరి తలల మీదా నల్ల గుడ్డలు.

"మీ నునాకు శోకం పెట్టారా?" అని అడిగింది లిగేరి.

"లేదవ్వా. అక్కడ అట్లాంటివి చెయ్యరు."

"అయితే ఉత్త చేతుల్తో పంపించారన్నమాట. ఆమెది ఏదైనా ఉందా నీ దగ్గర?"

ఓడల మీద పోయి తిరిగిరాని మగవాళ్ళకు ఆ ఊరి ఆడవాళ్ళు అట్లాగే చేస్తారు. మనిషి దొరక్కపోతే అతని చొక్కాను బల్లమీద పరిచి, దాని చుట్టూ కూర్చుంటారు. థెక్లా స్వెట్టరు విప్పి ఇచ్చింది. లిగేరి దాన్ని బల్లమీద పెట్టి, దాని చేతులు రెండూ రొమ్ముమీదికి మడిచి, కాలరు దగ్గర కొవ్వొత్తి వెలిగించింది.

"ఇప్పుడు చెప్పు. ఎక్కడ పుట్టింది, ఏం తిని పెరిగింది, ఎవరిమీద మనసు పడింది, ఎవరొస్తే వద్దంది. అన్నీ చెప్పు. తెలియకుండా నేను కట్టలేను."

ఇన్ని నెలలు అడగడమే పనిగా పెట్టుకున్న థెక్లా ఇప్పుడు కూర్చుని జవాబులు చెప్పింది. నోటితో నీళ్ళు పట్టి చొక్కాల మీద చల్లేదని చెప్పింది. ఒక ఓడసారంగు పెళ్ళి చేసుకుంటానని వచ్చి, "ఆ పిల్ల మాత్రం మనతో వద్దు" అంటే, "అయితే నువ్వే వద్దు" అని, అతని చొక్కా మడతపెట్టి చేతికిచ్చి పంపేసిందని చెప్పింది. పాగోనా ముక్కుమీద వేలేసుకుంది. లిగేరి కళ్ళు మూసుకుని కాసేపు ముందుకూ వెనక్కూ ఊగి, ఎత్తుకుంది.

*నీలి ఉన్ని మా ఊరొచ్చె, నువ్వేదమ్మా కల్లిరోయీ,*
*ఇస్త్రీపెట్టె చల్లారెనా, కొట్టుతలుపు మూసితివా?*
*ఊరి చొక్కా ముడతలు తీసి, ఉతికి మడిచి ఇచ్చిన తల్లీ,*
*నీ నుదుటిమీది ముడతలు తీయ ఎవరొచ్చిరి, ఎవరున్నారు?*

మిగతా ఆడవాళ్ళు ప్రతి పాదం చివరా గొంతు కలిపారు. సారంగు వచ్చాడు, చొక్కా మడతతో తిరిగి వెళ్ళాడు. పిల్ల జడ వచ్చింది, మిఠాయి వచ్చింది, పొడుగు చేతులు వచ్చాయి. అక్కడ థెక్లా భళ్ళున ఏడ్చింది. ఎన్నాళ్ళదో మరి, ఆగితే కదా. రికార్డరు అలమరలోనే ఉంది. దానికోసం లేవడం తప్పనిపించింది ఆమెకు.

పాట అయ్యాక లిగేరి నీళ్ళు తాగి, మూతి తుడుచుకుంది. "మిషన్ ఎక్కడ పెట్టావు?"

"పెట్టలేదవ్వా. నునా శోకాన్ని పనికి వాడుకోవడం మర్యాద కాదనిపించింది."

లిగేరి ఆమెను ఎగాదిగా చూసింది. "ఓసి నీ మర్యాద మండా. మరి ఇంతసేపూ నా గొంతు ఎవరికోసం చింపుకున్నానే? ఆవిడ ఈ ఊళ్ళో ఎవరికి తెలుసు? రేపు మేమూ పోతాం, ఆవిడ పేరు ఏ నోట్లో ఉంటుంది? నీ మిషన్లో ఉంటే మీ పెద్ద బడిలో ఉండేది. నిన్ను చదివించిన మనిషి నీ చదువులో ఉండటం మర్యాద కాదంట."

"మళ్ళీ ఒక్కసారి పాడతారా?"

"ఇదేమన్నా పులుసా, వేడి చేసి పొయ్యడానికి? పోయింది పోయింది." విసవిసా వెళ్ళిపోయింది.

మర్నాడు ఆలివ్ తోటలో చెట్ల కింద వలలు పరిచి, కర్రలతో కొమ్మలు కొడుతున్నారు. థెక్లా తల వంచుకుని కాయలు ఏరుతోంది. ఉన్నట్టుండి గరుఫలియా కొమ్మమీద దెబ్బ వేస్తూ, పాటలా కాకుండా మామూలు మాటలా అంది. "'నీలి ఉన్ని మా ఊరొచ్చె.' దీని తర్వాత ఇస్త్రీపెట్టె కదే?"

"కాదు, ముందు ముడతలు" అంది పాగోనా.

"నీ మొహం. ముడతలు తర్వాత. చల్లారాకే కదా కొట్టు మూస్తారు."

పాడితే తప్పు గానీ, మాటగా అనుకుంటే తప్పులేదు. ఒక చెట్టుకింద ఒక పాదం, ఇంకో చెట్టుకింద ఇంకోటి. సారంగు దగ్గర ఇద్దరూ కొట్టుకున్నంత పని చేశారు. లిగేరి దూరంగా కూర్చుని, అడిగితే మాత్రం "నా నోట్లోంచి పోయింది నాది కాదు" అనేది. ఎవరైనా తప్పు చెబితే ఉండబట్టలేక దగ్గేది. వాళ్ళు ఆ దగ్గుతోనే దిద్దుకున్నారు. వలలు చుట్టేసరికి దాదాపు అంతా దొరికింది. చివరి రెండు పాదాలు మాత్రం ఎవరికీ గుర్తులేవు. అప్పటికి అందరూ ఏడుస్తున్నారు మరి. థెక్లా వాళ్ళందరి చేతులూ పట్టుకుంది. చేతులు నూనె మరకలతో జారుతున్నాయి. "మీ రుణం ఎట్లా తీర్చుకోను?" అంది.

"కాయలు ఏరు" అంది పాగోనా.

నునా పోయిన నలభయ్యో రోజున గరుఫలియా గోధుమలు ఉడికించి, దానిమ్మగింజలు, పంచదార కలిపి, చనిపోయినవాళ్ళకు పంచే ప్రసాదం చేసింది. ఆ రోజూ శోకం పెట్టొచ్చు కాబట్టి, గుడినుంచి వచ్చాక మళ్ళీ స్వెట్టరు పరిచారు. ఈసారి రికార్డరు లిగేరే తెచ్చి కొవ్వొత్తి పక్కన పెట్టింది. "నొక్కు" అంది. కొత్త శోకం ఎత్తుకుంది. మొదటిదానికీ దీనికీ పోలిక లేదు, అయినా కల్లిరోయి కల్లిరోయే. చివరికి వచ్చేసరికి లిగేరి స్వెట్టరు వదిలి థెక్లా వైపు తిరిగి, ఆమె నుదుటిమీద అరచెయ్యి పెట్టి రెండు పాదాలు పాడింది.

వసంతంలో ఏథెన్స్‌లో థెక్లా పరీక్షకుల ముందు నిలబడింది. శోకం మొత్తం విన్నారు. అయిపోయాక వాళ్ళలో పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని అడిగాడు. "చాలా గొప్ప రికార్డింగ్ అమ్మా. కానీ చివరి రెండు పాదాలు వినపడటం లేదు. ఎవరో గట్టిగా ఏడుస్తున్నారు. ఎవరామె?"

"నేనేనండీ."

"ఆ మాటలు మీకు గుర్తున్నాయా?"

పాడకూడదు కాబట్టి, థెక్లా మామూలుగా చెప్పింది.

*కడుపు కన్నది కడలి పాలాయె, కంటతడి పెట్టకు పిల్లా,*
*అరచేతి నూనె కన్నది నిన్ను, ఆ చేతికి మొక్కి పోవే.*

పెద్దాయన పరిశోధన ఒప్పుకున్నామని చెప్పి, లేచి నిలబడి కరచాలనం చేశాడు. మిగతావాళ్ళూ లేచారు.

థెక్లా మెట్ల మీదనుంచే ఊరికి ఫోన్ చేసింది. లిగేరికి ఫోన్ అంటే అరవాలని నమ్మకం.

"గెలిచాం అవ్వా. మీ అందరి దయ. కాకపోతే చివర్న నా ఏడుపు అడ్డమొచ్చి మాటలు వినపడలేదు."

"ఏడుపు వినపడిందా?"

"వినపడింది."

"అయితే పాట మొత్తం వినపడినట్టే. పిచ్చిదానా, ఈస్టరు పండగకు వచ్చెయ్యి. వచ్చేటప్పుడు మీ అమ్మ స్వెట్టరు వేసుకో, ఇక్కడ ఇంకా చలిగానే ఉంది."