వేలు చూపితే వడ్డించే బావ

పోయిన నెల మా బావ చనిపోయాడు. పొద్దున్నే చింతపండు నానబెట్టి, అది మెత్తబడేదాకా గోడకు ఆనుకుని కూర్చున్నాడట. అక్క టీ తెచ్చేసరికి ప్రాణం లేదు. ఇడపనూరులో పొలం దగ్గరున్న నాకు ఒకాయన కబురు తెచ్చాడు. పోయిందెవరని అడిగితే, "గదేనయ్యా, ఫిలిప్పీన్ హోటలాయన" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. చావు కబురు కూడా నవ్వకుండా చెప్పలేని జనం మావాళ్ళు.

నాది ఊరి బడి చదువు. రాయడం అంతంత మాత్రం, మాట్లాడటం అంతకన్నా తక్కువ. మాట్లాడగలిగినవాళ్ళంతా బావ గురించి ఇప్పటికే మాట్లాడేశారు. అది విన్నాకనే ఇది రాయాలనిపించింది.

బావ అంటే మా అక్క భర్త. వయసులో ఉండగా గల్ఫ్‌కు పోయి ఒక కంపెనీ క్యాంపులో వంట పని చేశాడు. అక్కడి పెద్ద వంటవాడు ఫిలిప్పీన్స్ మనిషి. బావ అతన్ని కుయా అనేవాడు. వాళ్ళ భాషలో అన్న అని అర్థమట. క్యాంపులో దిగిన మొదటి రోజు ఏ భాషా రాక బావ పళ్ళెం పట్టుకుని నిలబడిపోతే, కుయా గంటె ఎత్తి, వేలు చూపించమని సైగ చేశాడు. బావ చూపించాడు, కడుపు నిండింది. ఫిలిప్పీన్స్‌లో చిన్న హోటళ్ళలో పద్ధతే అదట. వండినవన్నీ వరసగా ముందు పెడతారు. వచ్చినవాడు వేలు చూపిస్తే వడ్డిస్తారు.

తిరిగొచ్చాక బావ రాయచూరు థర్మల్ ప్లాంటు రోడ్డు మీద అలాంటిదే పెట్టాడు. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, గాజు మూతల కింద ట్రేలు. చిమ్నీ బూడిద పేరుకోకుండా ఆ మూతలు తుడుస్తూనే ఉండేవాడు. ఒకదాంట్లో సిర్కా, అదే వెనిగర్, ఎల్లిగడ్డ, మిరియాలు వేసి ఉడికించిన కోడి. దాని పేరు అడోబో. ఇంకోదాంట్లో ముల్లంగి, వంకాయ, కృష్ణా నది చేపలు వేసిన చింతపండు పులుసు. అది సినిగాంగ్. పక్కన గుట్టగా అన్నం. చెంచా, ఫోర్కు పెట్టేవాడు గానీ, చేత్తో తింటే ఎక్కువ సంతోషించేవాడు.

జనం వచ్చేవాళ్ళు, తినడానికి కాదు, చెప్పుకోవడానికి. కప్పలున్నాయా, పాములున్నాయా అని అడిగి, అడిగిన దానికి తామే నవ్వుకునేవాళ్ళు. ప్లాంటు కాలనీ నుంచి ఇస్త్రీ చొక్కాలవాళ్ళు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చి, పళ్ళెం అడుగు కనబడేదాకా తిని, బయటికి పోయి వాసన గురించి చెప్పేవాళ్ళు. వాళ్ళకంటే లారీ డ్రైవర్లు నయం. తిని, కడుక్కుని, పోయేవాళ్ళు. జొన్నరొట్టె ఎందుకు లేదని ఒకాయన రోజూ గోల పెడుతుంటే బావ, "రొట్టె మీ ఇంట్ల ఉంటది గద. ఆడ పెడతలేరా ఏంది?" అన్నాడు. ఆయన మళ్ళీ రాలేదు.

నాకు హోటలంటే భయం. సర్వరు నెత్తిమీద నిలబడి గడగడా చదివితే, చివరికి వినబడినదానికి తలూపి, అక్కర్లేనిది తిని లేచేవాణ్ణి. బావ దగ్గర ఆ బాధ లేదు. "బామ్మర్దీ, నోరు తినేటందుకుంది. అడిగేటందుకు వేలుంది" అనేవాడు. కానీ వేలు చూపించకపోతే ఎంతటివాడికైనా వడ్డించేవాడు కాదు. ఆకలైనోడికి చెయ్యి ఎత్తడం బరువు కాదనేవాడు.

వరస చివర ఒక చిన్న ట్రే ఉండేది. చేప లేని సినిగాంగ్. దానికి గంటె వేరు. ఎవరు వేలు చూపించినా అందులోంచి పెట్టేవాడు కాదు. అది బావ వాళ్ళ అన్న కోసం. పెద్దాయనకు రాయచూరు మార్కెట్లో ధాన్యం అడితి దుకాణం ఉంది. మాంసం ముట్టడు. తమ్ముడి షెడ్డు గడప అసలే తొక్కడు. సాయంత్రం ఆ పులుసు అక్కా బావా తినేవాళ్ళు. తెల్లారితే మళ్ళీ అన్న కోసం వండేవాడు.

ఇంటి కొడుకు సముద్రం దాటి పోయి ఎంగిలి పళ్ళేలు ఎత్తడం నేర్చుకొచ్చాడని పెద్దాయన అడితిలో అందరి ముందూ అన్నాడట. ఆ మాట మోసుకొచ్చినవాళ్ళు బావ ముఖం చూడటానికి కాసేపు ఆగారు కూడా. మా దగ్గర వానకే కరువు, ఇలాంటివాళ్ళకు కాదు. బావ మూత తుడుస్తూ, "తిట్టిండంటే నేను యాదిల ఉన్నట్టే గద" అన్నాడు.

ఒక్కసారి పెద్దాయన జీపు షెడ్డు ముందు ఆగింది. బావ చేతులు తుడుచుకుంటూ పరుగున పోయాడు. పెద్దాయన దిగలేదు. బోర్డు మీద వాళ్ళ నాయన పేరుంది. దాన్ని తీసెయ్యమని చెప్పడానికి వచ్చాడు. "నాయన పేరు మీద కోళ్ళను కోస్తవారా?" అన్నాడు. బావ లోపలి నుంచి బల్ల తెచ్చి, తనే ఎక్కి ఆ పేరు మీద రంగు పూశాడు. దిగి లోపలికొచ్చి, చిన్న ట్రే మూత తెరిచి చూసుకుని, మళ్ళీ మూశాడు.

మొన్న బావ నెల మాసికం నాడు అదే షెడ్డులో సంతాప సభ. ఏర్పాట్లు పెద్దాయనవి. బయట ఫ్లెక్సీ కట్టించాడు. దాని మీద వాళ్ళ నాయన పేరు మళ్ళీ వచ్చింది, పెద్దక్షరాల్లో. పెద్దాయన ఫోటో నిలువెత్తున ఉంది. బావది మూలన, స్టాంపంత. ప్రపంచ రుచులను రాయచూరుకు తెచ్చిన తమ్ముడని పెద్దాయన చెయ్యి పైకెత్తి ఊపుతూ చాలాసేపు మాట్లాడాడు. ఆ రుచి ఒక్కటీ ఆయన నాలుక మీద పడలేదని అందరికీ తెలుసు. అందరూ చప్పట్లు కొట్టారు. భోజనానికి వేరే హోటల్ నుంచి పులావు తెప్పించాడు.

అక్క మాత్రం పొద్దున్నే లేచి ట్రేలన్నీ నింపింది, చిన్నదానితో సహా. పెద్దాయన అటుగా వచ్చినప్పుడు మూత తీసి, గంటె పట్టుకుని నిలబడింది.

"బావగారూ, ఇది మీదే. మీ తమ్ముడు దినాం మీ కోసమని వండుతుండె."

"అట్లనా? పెట్టమ్మా, కొంచెం పెట్టు."

"వేలు చూపుండ్రి."

పెద్దాయన చుట్టూ చూసి నవ్వాడు. "గిందుల చూపేదేముందమ్మా?"

"చూపాలె. ఈడ అందరికీ గంతే."

సభలో అంతసేపు గాలిలో ఊగిన చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు. పెద్దాయన డ్రైవర్ను పిలిచి, పులావు ఎక్కడ పెట్టారని అడిగాడు.

అక్క గంటె అలాగే పట్టుకుని ఉంది. నేను లేచి పళ్ళెం తీసుకుని పోయి, చిన్న ట్రే వైపు వేలు చూపించాను. అక్క నా ముఖం వైపు చూసి, వడ్డించింది. పెద్దాయనకు ఎదురుగానే నిలబడి, చేత్తో, నిదానంగా తిన్నాను. పులుపు చెవుల దాకా పోయింది.

బయట ఫ్లెక్సీ మీద, పెద్దాయన ముఖం మీద, చిమ్నీ బూడిద సన్నగా రాలుతోంది. అక్క గుడ్డ తీసుకుంది. గాజు మూత తుడిచి, ట్రే మీద పెట్టింది.