గోమా దగ్గర నేను తవ్వించిన చెరువు

గోమా విమానాశ్రయంలో దిగేసరికి ఉదయం పదిన్నర. రన్‌వే చివర్న తుపాకులు మోగుతున్నాయి. హెల్మెట్ బిగించి, విమానం చక్రం చాటున బోర్లా పడుకున్నాను.

ఏలూరులో పొద్దున్నే నడకకొచ్చే మిత్రులకు కొన్నేళ్లుగా ఇలాగే చెబుతున్నాను. కాగితం మీద పెడుతున్నాను కాబట్టి సరిచేస్తున్నాను. మోగింది తుపాకులు కాదు, రేకుల షెడ్డు మీద వాన. నేను పడుకోలేదు. నిలబడి, నా ట్రంకుపెట్టె తడిసిపోతోందని చూస్తున్నాను.

కాంగో దేశపు తూర్పు కొస అది. భూమధ్యరేఖ పక్కనే అని చదివి బనీన్లు డజను, స్వెటర్ ఒకటి సర్దుకున్నాను. ఊరు సముద్రమట్టానికి ఒకటిన్నర కిలోమీటరు ఎత్తున ఉంటుందని ఎవరూ చెప్పలేదు. మొదటి వారమంతా వణికాను. మన సైన్యం నుంచి శాంతి దళానికి వెళ్లినవాళ్లం: నీలి హెల్మెట్, పదకొండు కిలోల బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్, రైఫిలు, లీటరు నీళ్ల సీసా. ఉదయం ఐదున్నరకు అందరూ ఆయుధాలతో మోర్చాల్లో, ఇసుకబస్తాల చాటున, నిలబడాలి. ఆరింటికి గస్తీ బండ్లు కదలాలి. మధ్యాహ్నం రెండింటికి వాన. మా ఆర్డర్లు వేళ తప్పినా ఆ వాన తప్పేది కాదు.

మా కంపెనీ మకాం గోమాకు పడమరగా, కివు సరస్సు మీదకు చూసే గుట్టపైన. ఉత్తరాన అగ్నిపర్వతం, దాని తలమీద ఎప్పుడూ పొగ. తూర్పున, సరస్సుకు అవతల, రువాండా దేశం. గస్తీలో నేను ముందు బండిలో ఉండేవాణ్ణని తాడేపల్లిగూడెంలో మా బావమరిది ఇంటిల్లిపాదీ నమ్ముతారు. నేను స్టోర్స్ సుబేదార్‌ని. దుప్పట్లు, డీజిలు, పప్పు నా చేతికింద ఉండేవి. ముందు బండిలో డీజిలు ఉండేది, నేను కాదు.

మా దుబాసీ ఒక కాంగో కుర్రాడు. స్కూల్లో భూగోళం చెప్పేవాడు. జీతం ఎప్పుడొస్తుందో తెలియక మా దగ్గర చేరాడు. వాళ్లక్క పెళ్లై రువాండాలో ఉంటోంది. రెండు దేశాల గురించి నాకు తెలిసిందంతా మొదట అతను చెప్పిందే. కాంగోలో నేల కింద బంగారం ఉంది, నేల మీద తారు లేదు. గోమా వీధుల్లో లావా గడ్డకట్టి, అదే రోడ్డైపోయింది. మనుషులు ఆ రాళ్లమీద చెక్క బండ్లు తోసుకుంటూ కేకలతో, పాటలతో పోతుంటారు. గిన్నె సొట్టపోయినా చొక్కా ఇస్త్రీ తప్పదు. సరిహద్దు దాటితే నున్నటి రోడ్డు, దాని అంచుకు తెల్ల సున్నం. మోటారుసైకిలు మీద వెనక కూర్చున్నవాడికీ హెల్మెట్. తెల్లారితే వేలమంది ఇటునుంచి అటు, అటునుంచి ఇటు నెత్తిమీద బుట్టలతో దాటుతారు. బంగాళాదుంపలు, పాలు అట్నుంచి వస్తాయి. పాటలు, గుడ్డలు ఇట్నుంచి వెళతాయి.

"వాళ్లలాగ మీరెందుకు ఉండలేరయ్యా?" అని ఒకసారి అడిగాను.

అతను కోపగించుకోలేదు. "మా అక్క ఇంటికి వెళితే రెండు రోజులు హాయిగా ఉంటుంది సార్. మూడోరోజు ఆవిడ మెల్లగా నవ్వమంటుంది. నాలుగోరోజు వచ్చేస్తాను."

ఇక చెరువు సంగతి.

గుట్ట కింద ఊళ్లో ముప్ఫై ఒక్కమంది ఆడవాళ్లు సంఘంగా ఉండేవారు. చాలామందికి భర్తలు యుద్ధంలో పోయారు. వాళ్లకు ఉమ్మడిగా ఒక బీన్సు చేను. సరస్సు ఎదురుగానే ఉన్నా అందులో చేప వాళ్లది కాదు. పడవ వేయాలంటే ఒడ్డున తుపాకులు పట్టుకున్నవాళ్లకు వాటా ఇవ్వాలి. చెరువు ఉంటే బాగుండునని వాళ్ల పెద్దావిడ మా మేజర్ గారిని అడిగింది. ఆవిడను అందరూ మామా అని పిలిచేవారు. వాళ్ల భాషలో అమ్మ అని.

మేజర్ గారు నన్ను పిలిచారు. "సాబ్, మీది కొల్లేరు కదా?"

"అవును సార్."

"చేపల చెరువులు తెలుసా?"

"పుట్టి పెరిగింది వాటి గట్లమీదే సార్."

అది నా నోట్లోంచి వచ్చేసింది. మా నాన్నగారు దెందులూరు చుట్టుపక్కల పల్లెల్లో పౌరోహిత్యం చేసేవారు. మా ఇంట్లో చేప మాట ఎత్తినా మా అమ్మ చెంబుతో నీళ్లు చల్లేది. చెరువు తవ్వడం నేనెప్పుడూ చూడలేదు. కొల్లేట్లో ఆక్రమణ చెరువుల గట్లు కొట్టేయడం మాత్రం, సెలవుకొచ్చినప్పుడు, బస్సు కిటికీలోంచి చూశాను.

ఈ రహస్యం తెలిసినవాడు కంపెనీలో ఒక్కడే. వైర్‌లెస్ ఆపరేటరు. ముదినేపల్లివాడు, రైతుబిడ్డ. బంకర్‌లో టీ తాగుతూ అడిగాడు.

"ఏవండీ సుబేదారు గారూ, మీరు చేపని కనీసం పళ్లెంలోనన్నా చూశారా అండీ?"

"చెరువుకి చేప తినడం రావాలా ఏవిటయ్యా?"

"అబ్బే, అక్కర్లేదండీ. మట్టి చూశారా మరి?"

"నల్లగా ఉంది. మన రేగడే."

"తడిపి చూశారా అండీ?"

చూడలేదు. డెల్టాలో పుట్టినవాడికి నల్లమట్టి కనిపిస్తే నీళ్లు నిలుస్తాయా అన్న అనుమానమే రాదు. మాకు నీళ్లు పోవడమే సమస్య.

అరవై అడుగుల పొడవు, ముప్ఫై వెడల్పు, నాలుగు లోతు. బీన్సు చేలోనే. పదకొండు రోజులు ఆ ఆడవాళ్లు తవ్వారు. నేను చేతికర్ర పట్టుకుని గట్టుమీద అటూ ఇటూ తిరిగాను. కొండవాగు నుంచి గొట్టం వేసి నీళ్లు వదిలాం. సాయంత్రం నాలుగున్నరకు మోకాలి లోతు. మామా దిగి, రెండు చేతులతో నీళ్లు తీసి మొహాన చల్లుకుంది. తెల్లారి ఆరింటికి చూస్తే అడుగున తడి తప్ప ఏమీ లేదు.

మామా నా వైపు చూసింది.

"కొత్త చెరువు మూడు వారాలు నీళ్లు తాగాలి. మా కొల్లేట్లో అంతే," అన్నాను. దుబాసీ నిజాయితీగా అనువదించాడు. ఆవిడ తలూపింది.

పైకొచ్చాక ఆపరేటరు చెవి దగ్గర అన్నాడు. "అది తాగడం కాదండీ. కారడం. ఆళ్ల పంట రోజులు పోతున్నాయి చూసుకోండి."

అదీ అసలు చిక్కు. వానలు మొదలయ్యాయి. బీన్సు వేసే అదను రెండు వారాలకు మించి లేదు. చెరువు నిలవకపోతే గొయ్యి పూడ్చి, అదనులోపల విత్తనం వేయాలి. నేను నోరు మూసుకు కూర్చుంటే ముప్ఫై ఒక్క ఇళ్లకు ఆ పంటకారు తిండి లేదు. నోరు తెరిస్తే నా పరువు లేదు. మేజర్ గారు అప్పటికే పైకి రిపోర్టు పంపారు. పెద్దాఫీసరు వచ్చే ఆదివారం వచ్చి ప్రారంభం చేస్తారు. రిపోర్టులో నా పేరుంది. నేను నోరు మూసుకున్నాను. ఐదు రోజులు.

ఆరోరోజు శనివారం. మర్నాడు మళ్లీ గొట్టం విప్పి నీళ్లు నింపితే ప్రారంభం పూట గడుస్తుందని లెక్కేసి, చేపపిల్లలు తెస్తానని చెప్పి దుబాసీతో సరిహద్దు దాటాను. మామూలు బట్టలు, పాసు. రువాండా గేటు దగ్గర అధికారి నా చేతిసంచి చూశాడు. దారిలో తినడానికి తెచ్చుకున్న అటుకులు ప్లాస్టిక్ కవరులో ఉన్నాయి. ఆ దేశంలో ఆ కవర్లు నిషేధం. కవరు తీసుకుని, అటుకులు కాగితంలో పొట్లం కట్టి, రెండు చేతులతో నాకు తిరిగి ఇచ్చాడు. ఒక్క అటుకు కూడా పోలేదు.

అవతల ఊళ్లో దుకాణాలన్నీ మూత. అది నెలలో ఆఖరి శనివారం. ఆ ఉదయం దేశమంతా వీధి పనికి దిగుతుంది. డాక్టరైనా గుమాస్తా అయినా పార పట్టాలి. చేపల కేంద్రం అధికారి కాలువలో ఉన్నాడు, ప్యాంటు మడిచి. నాకూ ఒక పార ఇచ్చారు. తవ్వుతూనే మాట్లాడాం. దుబాసీ మధ్యలో.

"మట్టి ఏ రకం?" అదే మొదటి ప్రశ్న.

"నలుపు."

"అది రంగు. నేను రకం అడిగాను."

కాలువలోంచి పిడికెడు మట్టి తీసి, తడిపి, ఉండ చేసి నడుమెత్తు నుంచి వదిలాడు. ఉండ చదునైంది కానీ పగల్లేదు. "ఇది నీళ్లు పట్టుకుంటుంది. మీది ఇలా చేశారా?"

"లేదు."

"అక్కడిది అగ్నిపర్వతం బూడిద. జల్లెడ." అతను నవ్వలేదు. "చేపపిల్లలు ఇవ్వను. చచ్చిపోతాయి. ఇక్కడైతే చెరువు తవ్వేముందు నా సంతకం కావాలి. కాంగోవాళ్ల కింద గనులున్నాయి. మాకున్నది ఏటవాలు నేల ఒక్కటే. పిడికెడు జారినా మాకు లెక్కే."

పదకొండున్నరకు దుకాణాలు తెరిచారు. నేను సరిహద్దు వైపు నడిచాను. గోమాలోని మా డిపో నుంచి రేడియోలో కంపెనీని పిలిచాను.

"చేపలు తెస్తున్నారా అండీ? ఓవర్."

"లేదు. ఓవర్."

"మామా వాళ్లు బిందెలు పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారండీ. ఏం చెప్పమంటారు? ఓవర్."

చెప్పమనడానికి చాలా ఉన్నాయి. చేపపిల్లలకు జబ్బు. సరిహద్దు మూత. తుపాకులు. అన్నీ నోటిదాకా వచ్చాయి.

"నేనే వచ్చి చెబుతాను. ఓవర్."

మధ్యాహ్నం మూడున్నర. వాన వెలిసింది. గోతి అడుగున పిడికెడు మట్టి తీసి, ఉండ చేసి, ఆ ముప్ఫై ఒక్కమంది ముందు నడుమెత్తు నుంచి వదిలాను. పిండి రాలినట్టు రాలింది. చెప్పేశాను. నేను చేపల మనిషిని కాను. చేప తినను. మూడు వారాల మాట అబద్ధం. ఐదు రోజులుగా నాకు తెలుసు.

మామా ఒక్కటే అడిగింది. "బీన్సుకి ఇంకా ఎన్ని రోజులున్నాయో తెలుసా?"

"తెలియదు."

"తొమ్మిది."

తర్వాత అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. అరగంట. ఒకావిడ నా చేతికర్ర లాక్కుని గోతిలోకి విసిరింది.

"ఏవంటున్నారు?" అని దుబాసీని అడిగాను.

"మీ గురించి సార్. అనువదించను."

చివరికి తీర్పు చెప్పారు. సైనికులే పూడ్చాలి. గట్టు అడుగున ఉన్న మంచి మట్టి పైకి, గులకరాళ్లు అడుక్కి. సోమవారం నుంచి. ఆదివారం ప్రారంభం మాత్రం జరగాలి.

"గొయ్యికి ప్రారంభమేమిటమ్మా?"

"బట్టలు కుట్టించేశాం," అంది మామా.

మేజర్ గారు నా మాట మొత్తం విన్నారు. "రిపోర్టు వెనక్కి తీసుకోవాలి సాబ్," అన్నారు. అంతే. పెద్దాఫీసరు రావడం ఆగిపోయింది. సోమవారం ఆరున్నరకు ఇరవైమంది జవాన్లు, ఇరవై పారలు, వాళ్లతో నేను. నలభై తొమ్మిదేళ్ల వయసులో ఆరు రోజులు మట్టి మోశాను. ఏలూరులో ఈ భాగం ఎవరికీ చెప్పలేదు. ఏడోరోజు విత్తనం వేశారు. నేను ఇండియాకి తిరిగొచ్చేనాటికి చేలో మూడొంతుల్లో రెండొంతులు మోకాలెత్తు తీగ ఉంది. మిగతా చోట గులకరాళ్లు పైకొచ్చి మొక్క పల్చగా లేచింది. అక్కడ తగ్గిన గింజలు నా ఖాతాలోవే. కోత నేను చూడలేదు.

ఢిల్లీ నుంచి రైల్లో వచ్చి, మధ్యాహ్నం ఒంటిగంటకు ఏలూరులో దిగాను. వారం తిరక్కుండానే అడగడం మొదలుపెట్టారు. పక్కపక్కన రెండు దేశాలు చూశారు కదండీ, ఏది మెరుగండీ? రువాండా, అని ఠక్కున చెప్పేవాణ్ణి. రోడ్లు, శుభ్రం, పద్ధతి. అవన్నీ నిజమే. అక్కడైతే నా చెరువు మొదటి సంతకం దగ్గరే ఆగిపోయేది, ముప్ఫై ఒక్కమంది నడుములు మిగిలేవి. కాంగోలో నన్ను ఆపేవాళ్లు లేరు. నాలాంటివాడు గట్టెక్కి కర్ర ఊపితే జనం నమ్మి తవ్వాల్సిన స్థితి, అదే ఆ దేశపు బీదరికం అని ఇప్పుడనిపిస్తుంది. కానీ ఈ మాట అనగానే ఆ ఆదివారం అడ్డొస్తుంది.

ఆదివారం ఉదయం పది. ఎండ. ఆ దేశంలో సంఘంగా ఏ పని తలపెట్టినా అందరూ ఒకే గుడ్డ కొని, ఎవరికి నచ్చినట్టు వాళ్లు కుట్టించుకుంటారు. వాళ్లు కొన్నది పసుపుపచ్చ గుడ్డ. దానినిండా ఆకుపచ్చ టేబులు ఫ్యాన్లు అచ్చు వేసి ఉన్నాయి. ఆ ఊళ్లో కరెంటు లేదు. ఒకావిడకు బుట్టచేతులు, ఒకావిడకు నేలదాకా కుచ్చిళ్లు, మామాకు అదే గుడ్డతో తలపాగా. వరసగా పాడుకుంటూ వచ్చి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ఒట్టి గోతిలోకి దిగారు. ఎవరో డబ్బా మీద తాళం అందుకున్నారు. నేను గట్టు మీద, టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నాలుగడుగుల కింద, నీళ్లుండాల్సిన చోట, ముప్ఫై ఒక్కమంది ఆడుతుంటే ఆ ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి.