ముందుగా వెలిసిన మనిషి

ఆ వీధిలో ఫోటో స్టూడియో నడిపే ఆయన్ని అందరూ నవ్వండిగారు అనేవాళ్ళు. కెమెరా ముందు ఎవరు కూర్చున్నా "కొంచెం నవ్వండి" అనడం ఆయన అలవాటు. తను మాత్రం నవ్వడం అరుదు. నడినెత్తి మీది జుట్టు పడుచు వయసులోనే సెలవు పుచ్చుకుంది. ఒత్తయిన జుట్టున్న మగవాళ్ళకి ఆయన కావాలనే లైటు దూరంగా పెడతాడని గిట్టనివాళ్ళు చెప్పుకునేవారు.

ఆయన భార్య లెక్కల టీచరు. పెళ్ళికి ముందు ఒక నాటక బృందంలో వేషాలు వేసేది. ఆ బృందం వాళ్ళంతా ఏళ్ళ తర్వాత మళ్ళీ కలుసుకోవాలనుకున్నారు. ముందుగా ఒకరోజు స్టూడియోకి వచ్చి, పాత గ్రూపు ఫోటోలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో అక్కడే నిలబడి కొత్త ఫోటో దిగారు. "ఈ రెండూ కలిపి కదిలే బొమ్మ ఒకటి చేసిపెట్టండి బావగారూ" అని అడిగాడు అప్పట్లో హీరో వేషాలు వేసిన ఆయన. ఇప్పుడు పళ్ళ డాక్టరే అయినా ఆ బృందానికి ఇంకా హీరోయే. కొత్త ఫోటోతో మొదలై, రంగులు మెల్లగా వెలిసిపోతూ, ముఖాలు పడుచుదనంలోకి జారుతూ, చివరికి నలుపు తెలుపు పాత ఫోటోగా మారాలట. కలుసుకునే రోజు హాల్లో తెర మీద వేస్తారట.

నవ్వండిగారు సరేనన్నాడు గానీ, ఆ "బావగారూ" దగ్గరే ఆయన కడుపులో చిన్న మంట రాజుకుంది. అంతకుముందు ఫోటో దిగేటప్పుడు హీరో ఏదో గొణిగితే టీచరమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది కూడా. ఇన్నేళ్ళుగా వచ్చినవాళ్ళందర్నీ నవ్వమని బతిమాలుకున్న మనిషి, సొంత భార్యని ఒక్కసారైనా అలా నవ్వించలేకపోయాడు.

మార్ఫింగ్ సాఫ్ట్‌వేర్‌తో పని అంటే ఓపిక కావాలి. రెండు ఫోటోలూ పక్కపక్కన తెరిచి, కొత్తదానిలో కంటి కొస మీద చుక్క పెడితే, పాతదానిలోనూ అదే కంటి కొసకి ఆ చుక్కని జరపాలి. కనుబొమ్మలకీ ముక్కుకొనకీ పెదాలకీ అంతే. చుక్క తప్పిందా, మారే దారిలో కన్ను చెంప మీదికి దిగుతుంది. ఆయన ముందుగా భార్య ముఖం పట్టుకున్నాడు. చుక్కలు పెడుతుండగా కనబడింది: పాత ఫోటోలో అందరూ కెమెరా వైపు చూస్తుంటే ఆమె ఒక్కతే పక్కకి చూస్తోంది. ఆ పక్కనున్నది హీరో. పెద్దది చేసి చూశాడు. ఇంకా పెద్దది చేశాడు. కన్ను కాస్తా బూడిదరంగు గడులుగా విడిపోయింది గానీ అనుమానం మాత్రం చెక్కుచెదరలేదు.

హీరో దగ్గరికి వచ్చేసరికి చేతికి దురద పుట్టింది. ముఖం చెడగొడితే తన పనితనానికే చెడ్డపేరు. అందుకని రంగు జోలికి పోయాడు. ఆ ఒక్క మనిషి చుట్టూ గీత గీసి విడదీసి, అతని రంగు అందరికంటే ముందే పోయేలా పెట్టాడు. మిగతావాళ్ళ బట్టలు నిగనిగలాడుతుంటే హీరో ఒక్కడూ ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా నిలబడ్డాడు. వేసి చూసుకున్నాడు, మళ్ళీ చూసుకున్నాడు. ప్రాణానికి హాయిగా అనిపించింది. ఆ పూట భోజనం కూడా సహించింది.

ఆదివారం పొద్దున హాల్లో కిటికీలు మూసి బొమ్మ వేశారు. తన తప్పేంటో నవ్వండిగారికి అప్పుడు తెలిసింది. స్టూడియోలో హీరో మీదే చూపు నిలిపి కూర్చున్నాడు కాబట్టి తట్టలేదు. రంగుల గుంపు మధ్య ఒక్కడే నలుపు తెలుపులో నిలబడితే, చూసేవాళ్ళ కళ్ళు ఇంకెక్కడికి పోతాయి? హాలంతా హీరోనే చూసింది. చప్పట్లు కొట్టింది. మళ్ళీ వేయమంది. విలన్ వేషాల ఆయన లేచి, మా హీరోని హీరోలాగే చూపించారని మెచ్చుకున్నాడు. హీరో వచ్చి కౌగిలించుకుని కళ్ళు తుడుచుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా నవ్వండిగారు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. టీచరమ్మ ఒక్కతే చప్పట్లు కొట్టలేదు.

ఇంటికి నడుస్తుంటే ఆమె అడిగింది.

"ఆయన రంగొక్కటే ముందెందుకు పోయింది?"

సాఫ్ట్‌వేర్‌లో ఏదో తేడా వచ్చిందని ఆయన నీళ్ళు నమిలాడు.

"మీ పనిలో తేడా రావడం నేనెప్పుడూ చూళ్ళేదు. ఏదన్నా ఉంటే నన్నడగండి."

ఆయన అడిగేశాడు. పాత ఫోటోలో అటెందుకు చూస్తున్నావు, అతనంటే ఇష్టమా అని. ఛ, అదేం లేదంటుందని, అన్నా తను నమ్మకూడదని ముందే నిర్ణయించుకున్నాడు.

"ఉండేది," అంది టీచరమ్మ. "కొన్నాళ్ళు. ఆయనకి తెలీదు. తర్వాత దానంతటదే పోయింది. మన పెళ్ళినాటికి లేదు."

మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేమని అడిగాడు ఆయన.

"అడిగుంటే చెప్పేదాన్ని. ఇందులో దాచడానికేముంది?"

"నువ్వు ఆయన దగ్గర నవ్వినట్టు నా దగ్గర నవ్వవు."

ఆమె ఆగి ఆయన ముఖంలోకి చూసింది. "నన్ను నవ్వించే పని మీరు పెట్టుకోకండి. ముఖం మాడ్చుకోకుండా ఉంటే అదే పదివేలు."

మర్నాడు ఆయన గీతలు చెరిపి, అందరి రంగూ ఒకేసారి పోయేలా సరిచేసి పంపాడు. మొదటిదే బాగుందని బృందమంతా దాన్ని తిప్పి పంపింది. మా పళ్ళ ఆసుపత్రిలో జనం కూర్చునేచోట పెట్టుకుంటాను, మొదటిదే పంపండి బావగారూ అని హీరో ఫోన్ చేసి మరీ అడిగాడు. పంపక తప్పలేదు. పంపేటప్పుడు టీచరమ్మ పక్కనే కూర్చుని పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది, తలెత్తలేదు.

ఇప్పుడా బొమ్మ అక్కడ రోజంతా తిరుగుతూ ఉంటుంది. అద్దాల్లోంచి రోడ్డు మీదికి కూడా కనిపిస్తుంది. ఆ దారిన వెళ్ళాల్సి వస్తే నవ్వండిగారు ముందే రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాడు. టీచరమ్మ తోడుంటే ఎందుకని అడగదు. ఆమే ముందు రోడ్డుకి అటూ ఇటూ చూసి, బళ్ళేవీ రావడంలేదు, రండి అంటుంది.