నేస్తాన్ని పేరుతో పిలిచిన రోజు

మా వైపు ఇద్దరు మగపిల్లలు విడదీయలేనంత స్నేహంగా ఉంటే పెద్దలు వాళ్లకు నేస్తం కట్టేస్తారు. అమ్మవారి గుడి ముందు ఇద్దరూ కొత్త పంచెలు మార్చుకుంటారు, ఒకరి నోట్లో ఒకరు బెల్లం పెట్టుకుంటారు. ఆ రోజు నుంచి చచ్చేదాకా ఒకరినొకరు పేరుతో పిలవకూడదు, నేస్తం అనే పిలవాలి. ఒకరు పోతే రెండోవాడు కొత్త పంచె తెచ్చి కప్పాలి, ఇంటివాళ్లతో పాటు మైల పట్టాలి. మా అన్నయ్యకు నేస్తం కట్టించింది మా అమ్మే. ఊరంతటికీ భోజనాలు పెట్టి మరీ కట్టించింది.

అన్నయ్య చీపురుపల్లిలో మోటార్లు బాగుచేసేవాడు. నేస్తం సాలూరులో లారీ డ్రైవరు. ఎక్కడ లోడు దింపినా తిరుగుదారిలో మా ఇంటికి రావాల్సిందే. నన్ను చెల్లీ అనేవాడు, అమ్మ వండే చేపల పులుసు కోసం వంటింట్లోనే చతికిలబడేవాడు. ముప్పై దాటినా అన్నయ్య ఏ సంబంధానికీ ఒప్పుకోకపోతే, నేస్తం చెబితే వింటాడని అమ్మ అతన్నే బతిమాలింది. ఎంత గుడ్డివాళ్లమో చూడండి.

ఒక మధ్యాహ్నం పుట్టింటికి వచ్చి, విత్తనాల గది తలుపు తోశాను. నేస్తం అన్నయ్య ఒళ్లో తల పెట్టుకుని పడుకున్నాడు. అన్నయ్య వంగి అతని నుదుటి మీద ముద్దు పెడుతున్నాడు, తలెత్తి నన్ను చూశాడు. అంతే. తలుపు చేరేసి వచ్చేస్తే సరిపోయేది. అత్తవారింట్లో తెలిస్తే నా గతేమిటన్న భయంతో తిన్నగా అమ్మ దగ్గరికి వెళ్లి చెప్పేశాను.

"దేవుడు ఒప్పుతాడేటే ఇలాటిది?" అంది అమ్మ.

ఏ దేవుడని నేను అడగలేదు. నేస్తం కట్టినప్పుడు సాక్షిగా నిలిచిన అమ్మవారేనా? పండగలో చీర కట్టుకుని అమ్మవారి ఘటం ఎత్తిన మగవాడి కాళ్ల మీద మా అమ్మే పసుపు నీళ్లు పోసేది కదా. మా ఇంట్లో శాస్త్రాలు చదివినవాళ్లు ఎవరూ లేరు. మేం చదివింది వీధిలో వాళ్ల ముఖాలే. ఇది నేరం కాదని కోర్టు చెప్పిందని టీవీలో వచ్చినప్పుడు కూడా, అమ్మ ముందు లేచి వెళ్లి వీధి తలుపు మూసింది, ఆ తర్వాతే ఛానల్ మార్చింది.

నేస్తం కట్టడానికి పద్ధతి ఉంది గానీ తెంపడానికి లేదు. మా మేనమామ ఒకటి కనిపెట్టాడు. ఇద్దరినీ అదే గుడి ముందు నిలబెట్టి, "పేరెట్టి పిలవరా ఆణ్ని," అన్నాడు అన్నయ్యతో. అన్నయ్య తల అడ్డంగా ఊపాడు.

"పిలవకపోతే నా శవాన్నే సూస్తావు," అంది అమ్మ.

అన్నయ్య పిలిచాడు. నేస్తం మాత్రం తిరిగి పేరెత్తలేదు. తల వంచుకుని వెళ్లిపోయాడు.

అన్నయ్య పెళ్లి చేసుకోలేదు. మాతో మాట్లాడనూ లేదు. తాగి తాగి మూడేళ్లకు కామెర్లతో పోయాడు.

శవాన్ని వాకిట్లో పడుకోబెట్టాక నేస్తం కొత్త పంచెతో వచ్చాడు. మేనమామ గేటు దగ్గరే ఆపేశాడు.

"నేస్తం తెగిపోనాది. నీకేటి పని ఇక్కడ?"

అమ్మ మొహం తిప్పుకుంది. "సెల్లీ, నువ్వైనా సెప్పమ్మా," అన్నాడు నాతో. నా పక్కనే మా అత్తగారు కూర్చుని ఉంది. నేను నేలచూపులు చూశాను. అతను పంచెను ప్రహరీ గోడ మీద పెట్టి వెళ్లిపోయాడు. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అన్నయ్యను మోసుకెళ్లాక నేనే తీసి సంచిలో దాచాను.

కర్మలన్నీ అయ్యాక సాలూరు వెళ్లాను. లారీ పక్కన నిలబడి టైరు మార్పిస్తున్నాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. ఎవరూ రమ్మనకపోయినా మైల పట్టాడు.

"అమ్మకి చెప్పింది నేనే," అన్నాను. ఏడుపు ఆగలేదు.

"తెలుసు సెల్లీ. నేస్తం ఆ రోజే ఫోను సేసి సెప్పినాడు. అది భయపడిపోనాది, దాని మీద కోపం ఎట్టుకోకు అన్నాడు."

పంచె తీసి ఇవ్వబోయాను. తీసుకోలేదు. "అది నేస్తానిది. నానేటి సేసుకుంతాను?" అన్నాడు.

అది మడత విప్పకుండా నా బీరువాలో ఉంది. ఎవరిదని మా అత్తగారు అడిగినప్పుడల్లా, మా ఆయనదనే చెబుతున్నాను.